పొత్రం తర్వాత ఎవరు

ఏమమ్మా, మూలన కూర్చుని బుగ్గన చెయ్యి పెట్టుకున్న పెద్దమ్మా! నిన్నే. పిల్లని ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకి పిలిస్తే నువ్వెలా పోతావో నాకు తెలియదనుకున్నావా? తొట్టె దగ్గర నడుం సగం వంచి, "అచ్చం నాయనమ్మ పోలికే" అనేసి, పెట్టాల్సింది పిల్ల గుప్పిట్లో పెట్టి, తిన్నగా బంతి దగ్గరికి పోయి, "తలకాయ కూరనా, బోటీనా?" అని అడుగుతావు. పిల్ల నిద్రపోతుందో మేల్కొని ఉందో అడిగితే చెప్పగలవా? మీ ఆయన మరీ ఘనుడు. తొట్టెలో రోటి పొత్రం ఉన్నా "మస్తుంది పిల్ల" అని వస్తాడు. నవ్వకండి ఇద్దరూ. మీ కోసమే ఈ కొత్వాల్‌గూడ ముచ్చట.

కొత్వాల్‌గూడలో బుచ్చయ్య ఇంటికి వెనుకవైపు పాలకూర, కొత్తిమీర మళ్లు. ఇంటి మీద నుంచి విమానాలు. కొత్తగా వచ్చిన చుట్టాలు తలెత్తి చూస్తారు గానీ ఆ ఇంట్లోవాళ్లు ఎత్తరు. మాట మధ్యలో విమానం వస్తే ఆగి, అది పోయాక మిగతా సగం మాట్లాడతారు, అంతే.

గురువారం పొద్దున ఆ ఇంటి పెద్దకోడలు శిరీష గోడకి వీపు ఆనించి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. తల్లి లేని పిల్ల కావడంతో పురుడు అత్తగారింట్లోనే జరిగింది. చంటిదాన్ని పడుకోబెట్టి కాదు, నిలువుగా, ఎడమ చేతి మీద కూర్చోబెట్టినట్టు పట్టుకుంది. పక్కన చిన్న గిన్నెలో పిండిన చనుబాలు. చెంచా కొసని పిల్ల చెంప లోపలికి ఆనించి, ఒక చుక్క వంచి, ఆగింది. గొంతు కదిలేదాకా చూసింది. మళ్లీ ఒక చుక్క. కాసేపయ్యాక భుజాన వేసుకుని వీపు నిమిరింది. పిల్ల "గ్యావ్" మని తేన్చింది. మళ్లీ చెంచా.

పిల్లకి పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. నోట్లో అంగిలి కూడా కలవలేదు. పుట్టిన రోజు చను నోట్లో పెడితే పట్టుకోలేక గింజుకుని ఏడ్చింది. "నోట్లో గాలి నిలవదమ్మా, అందుకే పీల్చలేదు. నీ పాలే పట్టు, చెంచాతో పట్టు, కూర్చోబెట్టి పట్టు. బరువు పెరిగితే మూడు నెలలకి పెదవి కుడతాం. ఏడాదికి అటూఇటుగా అంగిలి" అని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి శిరీషకి పగలంటే చెంచా, రాత్రంటే చెంచా.

"పోరీ, జర ఇనవే." అత్త రుక్కమ్మ గడప దగ్గర కూలబడింది. ఒళ్లో కొత్తిమీర కుప్ప, చేతిలో కట్టలు కట్టే అరటినార. "ఆదివారం తొట్టెలకు మామిడిపల్లోళ్లు వస్తున్నరు. ఇల్లు చూసినట్టుంటది, మన చందు లగ్గం ముచ్చట ఖాయం చేసినట్టుంటది."

"రానీ అత్తమ్మా."

"వస్తే పిల్లను చూస్తరు గదా."

"తొట్టెలకు వచ్చి పిల్లను చూడక ఇంటి దూలాన్ని చూస్తరా?"

రుక్కమ్మ కట్ట ముడి బిగించింది. మరిది చందుకి మామిడిపల్లిలో కుదిరిన ఆ పిల్ల పేరు ప్రియదర్శిని. డిగ్రీ చదివింది, బట్టల షాపులో లెక్కలు రాస్తుంది. ఆ సంబంధం ఒప్పుకున్న నాటి నుంచి రుక్కమ్మ కాలు నేల మీద నిలవడం లేదు.

"ఇంట్ల మొర్రి ఉందంటే ఎవలు పిల్లనిస్తరే? రేపు మా బిడ్డకు గట్లనే పుడ్తదంటరు. అందుకే ఒక్క పూట... పక్కింటి సునీత కొడుకును తొట్టెల పండబెడ్తం. నువ్వు నీ బిడ్డను పట్టుకొని లోపలి అర్రల ఉండు."

శిరీష చేతిలో చెంచా గాలిలో ఆగింది. "సునీత కొడుకు మొగపిలగాడు."

"గౌను తొడుగుతం."

"ఊరోళ్లు?"

"ఊరోళ్లకు చెప్పిన. నోరు తెరువరు. మామిడిపల్లోళ్లకు ఎరుక గాకుంటే చాలు."

విమానం వచ్చింది. ఇద్దరూ ఆగారు. అది పోయేలోపు శిరీష ఇంకో చుక్క పట్టి, పిల్ల మింగేదాకా చూసి, మూతి తుడిచింది.

"నేను ఉండ అత్తమ్మా. అర్రల ఉండ."

"ఉండవా? గ్రహణం నాడు కొడవలి పట్టకుంటే ఈ తిప్పలెందుకొచ్చు మనకు!"

"కొత్తిమీర కోస్కరమ్మని తోలింది ఎవలు?"

"పొద్దుగూకకముందే రమ్మన్న! నువ్వు తాపీగ వచ్చినవు."

"అప్పటికి నాకు ఏడో నెల. పెదవి అతికేది రెండో నెలల, అంగిలి అతికేది మూడో నెలల అని డాక్టరమ్మ నీ ముంగటనే చెప్పింది గదా. ఎవలి తప్పు గాదు, కొందరికి గట్ల అయితది అన్నది. ఏడో నెలల కొత్తిమీర కోస్తే రెండో నెలల పెదవి ఎట్ల తెగుతది అత్తమ్మా? నీ కొడవలి ఎనుకకు నడుస్తదా?"

పెరట్లో నీళ్ల పైపు సర్దుతున్న మామ బుచ్చయ్య కిసుక్కున నవ్వాడు. రుక్కమ్మ చేతిలో కొత్తిమీర కట్ట అతని మీదకి ఎగిరింది.

సాయంత్రం శిరీష మొగుడు వీరేందర్ ఎయిర్‌పోర్టు డ్యూటీ దిగి వచ్చాడు. సొంత క్యాబు. ఊళ్లో ఏ వాకిట్లో గొడవ జరుగుతున్నా సర్దిచెప్పే మనిషి, సొంత వాకిట్లోకి వచ్చేసరికి చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఒక్క పూటనే గదా శిరీషా. చందుగాని లగ్గం అయినంక మన బిడ్డను ఎవలు ఆపుతరు?"

"నువ్వు కొత్త కారు కొన్ననాడు నిమ్మకాయలు ఏ కారుకు కట్టినవు?"

"నా కారుకే."

"పక్కింటోని కారుకు కట్టకపోయినవు! ఒక్క పూటనే గదా."

వీరేందర్ చాయ్ మింగాడు. లేచి బయటికి పోయి తుడిచిన కారు అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

రుక్కమ్మ చెడ్డదా అంటే, కాదు. శుక్రవారం శిరీష స్నానానికి పోయినప్పుడు పిల్ల ఆకలికి ఏడ్చింది. రుక్కమ్మ మనసు ఊరుకోలేదు. ఇద్దరు కొడుకుల్ని సాకిన చేతులు కదా. కాళ్లు బారజాపి, వాటి మీద పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గు పోసినట్టు చెంచాడు పాలు పోసింది. పాలు ముక్కులోంచి బయటికి వచ్చాయి. పిల్ల ఊపిరి ఆడక ఎర్రబడి, నీలబడి, చేతులు కొట్టుకుంది. రుక్కమ్మ కేకకి శిరీష తడి జుట్టుతో ఉరికొచ్చి, పిల్లని అందుకుని బోర్లా తిప్పి, వీపు తట్టి, ముక్కు తుడిచింది. కాసేపటికి ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు వింటే అత్తాకోడళ్లిద్దరికీ ప్రాణం లేచివచ్చింది.

"సచ్చిపోతదనుకున్న," అంది రుక్కమ్మ.

"పండబెట్టి పాలు పొయ్యొద్దన్న గదా అత్తమ్మా. జర నా తీరు చూస్కో, నేర్పిస్త."

"నాకు నేర్పుతవా? ఇద్దరిని పెంచిన..." అంటూనే లేచి వంటింట్లోకి పోయింది. అక్కడ గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. ఆ చప్పుడులో ముక్కు చీదిన చప్పుడు కూడా కలిసింది. శిరీష విన్నది. విన్నాక కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. భయపడేవాళ్ల మీద జాలి పడొచ్చు గానీ, వాళ్ల భయానికి నా బిడ్డని ఎందుకు దాచాలి అనుకుంది.

శనివారం సునీత కొడుకుని తెచ్చి గౌను కొలత చూశారు. రెండు నెలల పిల్లాడు, పుష్టిగా ఉన్నాడు. గులాబీ గౌను పొట్ట దగ్గర పట్టేసింది.

"ఓ రుక్కమ్మా," బుచ్చయ్య తలపాగా విప్పుతూ అన్నాడు, "ఎద్దుకు బర్రె గంట కడితే పాలిస్తదా?"

"నువ్వు జర మూస్కుంటవా?"

"నేను మూస్కుంట. వాడు మూస్కుంటడా చూస్కో."

సునీత తలొంచుకుని నిలబడింది. పోయేటప్పుడు శిరీష దగ్గరికి వచ్చి, "తప్పు పట్టకు అక్కా, పెద్దమ్మ అడిగితే కాదనలేకపోయిన" అంది.

"నిన్నేం అంటనే. నీ కొడుకుకు కడుపు నిండ పాలు పట్టుకొని రా రేపు," అంది శిరీష. మాట మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం దూలానికి కట్టిన ఖాళీ తొట్టె మీద ఉన్నాయి.

ఆదివారం వాకిట్లో షామియానా. పొయ్యి మీద కూర. ఆడవాళ్ల పట్టుచీరలు. మామిడిపల్లి నుంచి ప్రియదర్శిని తల్లి కొండమ్మా, ఆమె భర్తా, ఇద్దరు చుట్టాలూ వచ్చారు. కొండమ్మ సన్నటి మనిషి, తక్కువ మాటలు. కుర్చీ వేస్తే వద్దని, ఆడవాళ్లతో పాటు తొట్టె దగ్గర చాప మీదే కూర్చుంది.

ఉండనన్న శిరీష, సమయం చూసుకుంటూ లోపలి అర్రలోనే ఉంది. ఉంది అంటే, తలుపు బయట గొళ్లెం వేసి ఉంచారని కాదు. రుక్కమ్మ అంత పని చెయ్యలేదు. తలుపుకి అడ్డంగా ఒక చిన్నాయనమ్మని కూర్చోబెట్టింది. ఆ ముసలామె కునికిపాట్లు పడుతోంది. తలుపు సందులోంచి తొట్టె కనబడుతోంది.

ఆ ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. తొట్టెలో ముందు బిడ్డని వెయ్యరు. రోట్లో నూరే పొత్రాన్ని కడిగి, పసుపు పూసి, మెత్తటి బట్టలో చుట్టి ముందు దాన్ని పడుకోబెడతారు. వచ్చిన దిష్టి ఏదో రాయికి పోవాలని, బిడ్డ రాయిలా గట్టిగా బతకాలని. ఆడవాళ్లు పాట అందుకున్నారు. పొత్రాన్ని ఊపారు. రుక్కమ్మ దానికి బొట్టు పెట్టింది, నెత్తిన చెయ్యి వేసి మెటికలు విరిచింది. తర్వాత దాన్ని తీసి పక్కన పెట్టి, సునీత చేతుల్లోంచి గులాబీ గౌను పిల్లాడిని అందుకుంది.

శిరీష తన చేతుల్లో ఉన్న బిడ్డని చూసింది. పిల్ల మేల్కొని ఉంది. నల్లటి కళ్లు, ఏ గొడవా తెలియని కళ్లు. శిరీష కాటుక వేలితో తీసి బుగ్గ మీద పెద్ద దిష్టిచుక్క పెట్టింది. అరికాలికి ఇంకోటి పెట్టింది. ఇంత అందమైన పిల్లకి ఒకటి చాలదనిపించి చెవి వెనక మూడోది పెట్టింది. చిన్నాయనమ్మ కాళ్లు దాటి బయటికి నడిచింది.

పాట ఒక్కో గొంతుగా ఆగిపోయింది. ఎవరో చిన్నపిల్ల, "గిదే మొర్రి పాప" అని గట్టిగానే అంది. తల్లి దాని నోరు మూసింది.

"ఇది ఎవల బిడ్డ?" కొండమ్మ భర్త అడిగాడు.

రుక్కమ్మ కళ్లు చందు మీదకీ, మామిడిపల్లి వాళ్ల మీదకీ పరిగెత్తాయి. "అది... అది సునీత బిడ్డ అన్నా! పక్కింటోళ్లది. పాపం గ్రహణం పిల్ల. మా కోడలు ముద్దు చేస్తందుకు ఎత్తుకుంది. మా బిడ్డ ఇగో, తొట్టెల పండుకుంది."

పొత్రాన్ని మనవరాలిలా ముద్దు చేసిన మనిషి, మనవరాలిని పక్కింటిదాన్ని చేసింది. వీరేందర్ షామియానా కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"చూడుండ్రి, చూడుండ్రి మా బంగారు తల్లిని," అని రుక్కమ్మ తొట్టె మీదకి వంగింది. పండుగ పూట ప్లాస్టిక్ లంగోటీ ఏందని పొద్దున తనే విప్పించింది. పిల్లాడు శిరీష చెప్పినట్టే కడుపు నిండా తాగి వచ్చాడు. రెండు కాళ్లూ ఎత్తాడు. గౌను పైకి పోయింది. సన్నటి ధార లేచి, వంపు తిరిగి, తిన్నగా రుక్కమ్మ గడ్డం మీద పడింది.

ఎవరూ కదల్లేదు. ధార ఆగేదాకా రుక్కమ్మ కూడా కదల్లేదు.

"అబ్బో!" బుచ్చయ్య గొంతు వాకిట్లోంచి వినిపించింది. "మన మనమరాలు మస్తు దూరం కొట్టిందే!"

మామిడిపల్లి చుట్టాల్లో ఒకడు పక్కున నవ్వాడు. ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. కూర కలుపుతున్న వాళ్లు గరిటెలు వదిలేసి నవ్వారు. చిన్నాయనమ్మ లేచి, ఎందుకో తెలియకుండానే నవ్వింది. నవ్వనివాళ్లు ముగ్గురే: రుక్కమ్మ, శిరీష, కొండమ్మ.

శిరీష తొట్టె దగ్గరికి వెళ్లింది. పిల్లాడిని మెల్లగా ఎత్తి సునీత చేతికిచ్చింది. తొట్టెలో తడిసిన బట్ట తీసి, పొడిది పరిచింది.

"రాయిని ఏసిన్రు. రాయికి బొట్టు పెట్టిన్రు," అంది. గొంతు పెద్దగా లేదు, అయినా అందరికీ వినబడింది. "పక్కింటి పిలగాన్ని ఏసిన్రు. ఇగ నా బిడ్డ వంతు. ఇది సునీత బిడ్డ గాదు. నేను కన్న, ఇగో ఈయన బిడ్డ. పెదవి చీలి పుట్టింది, కుట్టిస్తం. పేరు పున్నమి."

"పున్నమి ఏందే," ఎవరో ముసలామె గొణిగింది, "గ్రహణం పట్టిన పిల్లకు..."

"పున్నమి చంద్రునికే గదా పెద్దమ్మా గ్రహణం పట్టేది. పట్టి, విడుస్తది."

వీరేందర్ షామియానా కర్ర వదిలేశాడు. నడిచి వచ్చి తొట్టె తాడు పట్టుకున్నాడు. తాడు పట్టుకునే నిలబడ్డాడు.

రుక్కమ్మ కొంగుతో గడ్డం తుడుచుకుంటూ కొండమ్మ వైపు చూసింది. కొండమ్మ లేచింది. ఇక అయిపోయిందనుకుంది రుక్కమ్మ. పోతున్నరు. లగ్గం పోయింది. కానీ కొండమ్మ చెప్పుల వైపు పోలేదు. బకెట్ దగ్గరికి పోయి, గాజులు పైకి తోసి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చింది.

అంత గోలకి పున్నమి ఏడుపందుకుంది. శిరీష పాలగిన్నె తెచ్చుకుని కూర్చుంది గానీ, ఇంతసేపు బిగపట్టిన కోపమంతా వేళ్లలోకి దిగినట్టుంది. చెంచా గిన్నె అంచుకి తగిలి పాలు ఒలికాయి.

"ఇటియ్యి బిడ్డా," అంది కొండమ్మ.

శిరీష సందేహించింది. పండబెడుతుందేమో అనుకుంది. కొండమ్మ గోడకి వీపు ఆనించింది. కాళ్లు ముడుచుకుంది. పిల్లని నిలువుగా తీసుకుని, మెడ వెనక అరచెయ్యి ఆనించింది. చెంచా కొస చెంప లోపలికి పోయింది. ఒక చుక్క. ఆగింది. గొంతు కదిలేదాకా చూసింది. ఇంకో చుక్క. పిల్ల కనుబొమలు ముడిచీ ముడవకముందే భుజాన వేసుకుని, తేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, మళ్లీ చెంచా అందుకుంది. ఒక్క బొట్టు ముక్కులోంచి రాలేదు. ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగలేదు.

రుక్కమ్మ ఆ చేతులనే చూస్తోంది. తనకి రాని పని, తన కోడలు ఒక్కతే చెయ్యగలిగే పని, మామిడిపల్లి నుంచి వచ్చిన మనిషి చేతుల్లో నీళ్లలా జరిగిపోతోంది.

"వదినా," అంది చివరికి, "గట్ల పట్టుడు మీకెట్ల ఎరుక?"

"నేను గిట్లనే పట్టిన వదినా, ఏడాది పొడుగు."

"ఎవలికి?"

కొండమ్మ పిల్ల మీద నుంచి చూపు తిప్పలేదు. "మా ప్రియదర్శినికి."

అప్పుడే విమానం వచ్చింది. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో మొదటిసారి ఒక విమానం పోయాక కూడా ఎవరూ మాట అందుకోలేదు.

"గిట్లనే పుట్టింది," కొండమ్మే చెప్పింది. "పెదవి, అంగిలి, రెండు. మా అత్త దీన్ని ఎవలకు చూపియ్యకుమన్నది. మూడు నెలలకు పెదవి కుట్టిచ్చిన, ఏడాదికి అంగిలి. మాట ముక్కులకెల్లి వస్తుండె. రోజు అద్దం ముంగట కూసోబెట్టి పప్ప, బబ్బ అనిపిచ్చిన. అరచేతుల దూది పెట్టి ఊదిపిచ్చిన. ఇప్పుడు ఫోన్ల మాట్లాడితే ఆపుడు మా తరం గాదు."

"మరి... మాకెందుకు చెప్పలే?" రుక్కమ్మ అడిగింది.

"చెప్పొద్దని మా ఆయన అన్నడు. నాకు భయమైంది. అంతలనే మీకు గిట్ల మనమరాలు పుట్టిందని కూరగాయల ఆటోల మా ఊరికి ముచ్చట వచ్చింది."

"ఎప్పుడు?"

"పుట్టిన మూడో నాడే. నాకు ధైర్యమొచ్చింది వదినా. తొట్టెల కాడ మీరు బిడ్డను చూపెట్టంగనే నేను నా బిడ్డ ముచ్చట చెప్పుదామని పొద్దటి సంది కూసున్న." ఇంకో చుక్క పట్టింది. "మీరు మొగపిలగాన్ని చూపెట్టిన్రు."

బుచ్చయ్య తలపాగా గుడ్డలో మొహం పెట్టుకుని ఊగిపోతున్నాడు. "మామిడిపల్లోళ్ల కండ్లల్ల దుమ్ము కొడ్తున్నమనుకున్నవు గదనే రుక్కమ్మా! వాళ్లు మనకంటే ముందే కొట్టి, తుడిచి, కాటుక పెట్టి తోలిన్రు!"

శిరీష తన బిడ్డ పెదవినీ, కొండమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. నవ్వు వచ్చింది, కళ్లు నిండాయి, రెండూ తుడుచుకోలేదు. "అత్తమ్మా, ఇటు దగ్గరకొచ్చి కూసో. కాళ్లు బారజాపకు, ముడుచుకో. మామిడిపల్లి పెద్దమ్మ చెయ్యి జూసి నేర్చుకో. మాపటికి పాలు నువ్వే పడ్తవు."

రుక్కమ్మ వచ్చి కూర్చుంది. కాళ్లు ముడుచుకుంది. కాసేపు పాలచుక్కల్ని చూసింది. కానీ మనసు అక్కడ లేదని ముఖమే చెబుతోంది.

"వదినా, నేను రెండుసార్లొచ్చి మీ బిడ్డను చూసిన. కిటికీ కాడ ఎలుతుర్ల కూసోబెట్టి చూసిన. నవ్విపిచ్చి చూసిన, మాట్లాడిచ్చి చూసిన. మొఖంల వంక లేదని ఊరంత చెప్పుకున్న." మెల్లగా ముందుకి వంగింది. "ఏ దిక్కు చీలి ఉండె?"

"మీరే చెప్పుండ్రి వదినా. చూసింది మీరే గదా."

రుక్కమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది.

"ఎడమ దిక్కు," అంది.

కొండమ్మ పిల్ల మూతి తుడిచింది.

"కాదు కాదు... కుడి."

కొండమ్మ చెంచాలో ఇంకో చుక్క తీసుకుంది.